జమ్మి పుచ్చుకున్న చేయి

ఆ ఏడు దసరా సమ్మె నడుమ వచ్చింది. బస్సులు లేవు, బళ్లు తెరవలేదు, బొగ్గు గనులు కూడా బందయ్యేసరికి కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. రెండు వేల పదకొండు అది. సకల జనుల సమ్మె అంటే ఏమిటో మా హఫీజ్‌పేట్ బస్తీలో కూరగాయల బండివాడు కూడా విడమరిచి చెప్పేవాడు.

నేను రాయదుర్గంలో ఒక అద్దాల బిల్డింగులో నేల తుడిచేదాన్ని. ఆ బిల్డింగుకు మాత్రం సమ్మె లేదు. వాళ్ల బస్సులకు ముందొక పోలీసు జీపు, వెనకొక పోలీసు జీపు నడిచేవి. తుడిచేవాళ్లకు బస్సూ లేదు, జీపూ లేదు. తెల్లారకముందే లేచి నడిచిపోయేవాళ్లం.

నా బిడ్డ అనూషది సర్కారు నౌకరి. గచ్చిబౌలి దారిలో ఒక ఆఫీసు. నా పెనిమిటి ఎల్లయ్య అదే ఆఫీసులో ఇరవై రెండేళ్లు అటెండరుగా ఫైళ్లు మోసి, నీళ్లు అందించి, ఒకరోజు మధ్యాహ్నం స్టూలు మీదనే తల వాల్చేశాడు. ఆయన పోయిన రెండేళ్లకు ఆ ఉద్యోగం బిడ్డకిచ్చారు. డిగ్రీ చదివింది కాబట్టి జూనియర్ అసిస్టెంటుగా ఇచ్చారు. తండ్రి నిలబడ్డ గదిలో బిడ్డ కుర్చీ వేసుకుని కూర్చుందని బస్తీలో అందరికీ చెప్పుకున్నాను. ఎక్కువ చెప్పుకున్నానేమో.

నేను బడికి పోలేదు. అనూష ఒకటో తరగతి వాచకం చదువుతుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. తర్వాత బస్సు బోర్డులు, మిర్చీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు, గోడల మీద నినాదాలు, ఏది దొరికితే అది. ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాను. కానీ చదువుతాను.

సమ్మెకు ముందు, ఆగస్టు చివరి ఆదివారం, నేను బియ్యం ఏరుతుంటే అనూష రెండు కాగితాలు తెచ్చి చాటలో పెట్టింది.

"అమ్మా, నువ్వు చదువుతవు గదా. గిది చదువు."

"ఏందే? నోటితోని చెప్పరాదా?"

"నోటికి వస్తలేదు."

చెప్పి బయటికి పోయింది. పంపు దగ్గర కూర్చుని తోమిన గిన్నెలనే మళ్లీ తోముతోంది. ఆ చప్పుడు వింటూ నేను చదివాను. గంట పట్టింది.

అది వాళ్ల సూపరింటెండెంటు స్వామి సారు మీద ఫిర్యాదు. ఎల్లయ్య బతికున్నప్పుడు ఆయన మా ఇంటికొచ్చి అన్నం తిన్నవాడే. నన్ను వదినె అని పిలిచేవాడు. కాగితంలో అనూష అన్నీ తారీఖులతో రాసింది. ఆఫీసుకు ఎవరొచ్చినా, అటెండరు ఉండగానే, నీళ్లూ చాయా ఆమె చేతనే తెప్పిస్తాడట. "మీ నాయిన చేతి నీళ్లు తాగిన, ఇగ నువ్వు ఇయ్యవా" అని నలుగురిలో నవ్వుతాడట. పాత ఫైలు కావాలని రికార్డు గదికి పంపి, వెనకే వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడతాడట. నడుము మీద చెయ్యి. రెండోసారి మెడ మీద. అరిస్తే మర్నాటి నుంచి హాజరు పుస్తకంలో ఆమె పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, ఆలస్యమని మెమో. "మీ నాయిన సచ్చి ఇచ్చిన నౌకరి, పోగొట్టుకోకు" అన్నాడట.

'మెడ' అన్న మాట మీద నా వేలు ఆగిపోయింది. ఎంతసేపటికీ ముందుకు జరగలేదు.

బయటికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో నాకు బాగా గుర్తుంది. బిడ్డా ఏం జేసిండే వాడు అని కాదు.

"గీ కాయిదం ఇస్తే నిన్ను యాడికన్న దూరం పంపుతరు" అన్నాను.

అనూష నా వైపు చూసింది. గిన్నె బోర్లించింది.

"పంపితే పోత. గని గా రూములకు ఇగ పోను."

"ఎన్ని దినాల సంది?"

"నౌకరిల జేరిన మూడో నెల సంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు నిద్రపోతవా?"

అదీ నిజమే. ఫోను మోగితే ఎవరు పోయారోనని గుండె పట్టుకునేదాన్ని నేను. అమ్మ, ఇద్దరు అన్నలు, ఎల్లయ్య, ఒకరి తర్వాత ఒకరు పోయారు. మిగిలింది ఇదొక్కతే. ఇది పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాకా గుమ్మంలోనే ఉండేది నా ప్రాణం.

సోమవారం కాగితం ఇచ్చింది. ఆఫీసులో ఆమె వెంట వెళ్లింది రత్నమ్మ ఒక్కతే. రత్నమ్మది కడప, ఆ ఆఫీసులోనే టైపిస్టు. మనిషి గట్టిది. రికార్డు గదిలోంచి అనూష ఏడుస్తూ రావడం రెండుసార్లు కళ్లారా చూసింది. ముద్ర కొట్టించి, నంబరు వేయించి, నకలు అనూష చేతిలో పెట్టి, సాయంత్రం మా ఇంటిదాకా వచ్చింది.

"నంబరు పడింది గదక్కా, ఇంగ ఎవురూ దాన్ని మింగలేరు" అంది నాతో.

రెండు వారాలు దాటగానే సమ్మె మొదలైంది. ఆఫీసుకు తాళం పడింది. నంబరు పడిన కాగితం లోపల, ఇచ్చిన మనిషి బయట. గేటు ముందు టెంటు వేశారు. ఆ టెంటుకు నాయకుడు స్వామి సారే. మైకు ఆయనదే, దండలు ఆయనకే. సమ్మెకు వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకమూ ఆయన చేతిలోనే ఉండేది. రోజూ పదకొండు గంటలకు పేర్లు చదివేవాడు. అనూష పేరు మాత్రం చదివేవాడు కాదు.

"పోకు బిడ్డా, ఇంట్ల ఉండు" అని బతిమాలాను.

"తెలంగాణ గాయన సొంతమా అమ్మా? నాక్కూడ గావాలె" అంది. హఫీజ్‌పేట్ నుంచి గచ్చిబౌలిదాకా నడిచి, వెనక వరసలో కూర్చుని, పిడికిలి ఎత్తి నినాదాలిచ్చి, నడిచి ఇంటికొచ్చేది.

బతుకమ్మ ఆడే రోజు నేనూ పోయాను. టెంటు ముందు రోడ్డు మీద ముగ్గు వేసి నాలుగు బతుకమ్మలు పెట్టారు. తంగేడు పూలు లేవు, బంతిపూలే. ఆడవాళ్లందరం చుట్టూ తిరుగుతుంటే స్వామి సారు మైకులో చెప్తున్నాడు, మా ఆడబిడ్డలు ఆకలి మర్చిపోయి రోడ్డెక్కిన్రు, ఈ ఆడబిడ్డల ఉసురు తగుల్తది సర్కారుకు అని. అనూష చప్పట్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కొట్టింది.

ఆట అయ్యాక నరసింహమూర్తి సారు మా దగ్గరకొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఉద్యోగుల సంఘంలో పెద్దమనిషి. ఎల్లయ్య పోయినప్పుడు పాడె పట్టినవాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి.

"సత్తెమ్మా, కాయిదం మేం తప్పంటలేం. గని టైమేంది? పేపరోళ్లకు తెలిసిందనుకో, సమ్మె నాయకులు గిట్లాంటోళ్లని రాస్తరు. తెలంగాణ రానీ. మనోడే గద, మనమే కూసోబెట్టి అడుగుదాం."

నేను తల ఊపాను. నాకు ఆ మాట చల్లగా తగిలింది. ఎవరో ఒకరు చూసుకుంటామంటే చాలు అనుకునే మనిషిని నేను.

అనూష అంది, "అప్పటిదాంక రికార్డు రూముకు తాళమేస్తరా సార్?"

ఆయన కండువా సర్దుకున్నాడు.

"గివి నీ మాటలు కావు బిడ్డా. గా కడపామె నేర్పుతున్నది. మనోళ్లల్ల మనోళ్లకు కొట్లాట పెడ్తున్నది, నీకు తెలుస్తలేదు."

"నా మీద చెయ్యేసింది కడపోళ్లు కాదు సార్" అంది అనూష.

ఆయన లేచిపోయాడు. ఆ రోజు నుంచి వెనక వరసలో కూడా మా అమ్మాయి పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఇక దసరా.

జమ్మి సంగతి తెలియనిది ఎవరికి? పొద్దుగూకే వేళ జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెంపి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దలు తల మీద చెయ్యి వేస్తారు. ఏడాదంతా కొట్టుకున్న అన్నదమ్ములు ఆ సాయంత్రం కౌగిలించుకుంటారు. జమ్మి తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపిన ఇల్లు నా బతుకులో నేను చూడలేదు. పగవాడైనా సరే.

ఆ సాయంత్రం అనూష లోపల సకినాలు డబ్బాలో సర్దుతోంది. నేను గుమ్మంలో కూర్చున్నాను. గల్లీ చివర పది మంది కనబడ్డారు. అందరి మెడలో గులాబీ కండువాలు. ముందు స్వామి సారు. సమ్మెలో ఉన్న స్టాఫు ఇళ్లన్నింటికీ వస్తున్నారట. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూస్తున్నారు. ఆయన నేరుగా నా దగ్గరకొచ్చాడు.

"వదినే, అన్న ఉంటే గీ దినం నన్ను పిలిచి మాంసం పెట్టేటోడు" అన్నాడు. నా కుడి చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. వంగి రెండు కాళ్లూ మొక్కాడు.

వంగిన తల నా ముందు ఉంది. నడినెత్తిన జుట్టు పలచబడింది. నా చేయి లేచింది. ఆ తల మీద పడింది. "సల్లగుండు" అన్నాను.

ఎదురుగా వాళ్ల ఆఫీసు క్లర్కు ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పండుగ ఫొటోలు తీస్తున్నాడనుకున్నాను.

అలవాటు అని తర్వాత అందరికీ చెప్పాను. ఇక్కడ అబద్ధం చెప్పను. సగం అలవాటు, సగం భయం. ఈ దీవెనతో అంతా ఇక్కడే ముగిసిపోతుంది, నా బిడ్డను ఎక్కడికీ పంపరు, పొద్దున పోయి సాయంత్రం ఇంటికొస్తుంది అని ఆ ఒక్క క్షణంలో నా లోపల ఎవరో లెక్క వేసుకున్నారు. అదీ నేనే.

వాళ్లు పోయాక వెనక్కి తిరిగితే అనూష గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కోపపడలేదు. నా గుప్పిట్లో నలిగిన ఆకు వైపు చూసింది.

"చెయ్యి కడుక్కోపో అమ్మా. అన్నం పెడ్త."

అంతే.

అక్టోబరు చివర్లో సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు, ఉద్యోగాలకు మాత్రం అందరూ వెళ్లారు. నవంబరులో విచారణ పెట్టారు. ముగ్గురు అధికారులు, అందులో ఒక మేడం. ఆ రోజు పనికి నాగా పెట్టి అనూషతో పోయాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎల్లయ్య స్టూలు వేసుకునే చోటు అక్కడి నుంచి కనిపిస్తుంది.

రత్నమ్మ లోపలికి పోయి పావుగంటకే వచ్చేసింది.

"ఏమడిగిన్రు రత్నమ్మా?"

"మీది ఏ జిల్లా అని అడిగినారక్కా. కడప అని చెప్పినా." పక్కన కూలబడి పమిటతో మొహం తుడుచుకుంది. "ఆ మాట రాసుకున్నారు. ఇంగ తర్వాత చెప్పిందేదీ రాసుకున్నట్టు ల్యా. కలం మూత పెట్టేసినారు."

తర్వాత అనూష పోయింది. గంటకు పైగా ఉంది. తలుపు మూసే ఉంది. మధ్యలో ఒకసారి అటెండరు తలుపు తీసి నా వైపు చూశాడు. నన్ను పిలుస్తారేమోనని కొంగు సర్దుకుని లేచి నిలబడ్డాను. లోపల ఎవరో ఏదో అన్నారు. తలుపు మళ్లీ మూసుకుంది. నేను కూర్చున్నాను.

బయటికొచ్చాక, "నన్ను పిల్వలేదేందే?" అన్నాను.

"నీతోని పనేం పడలేదమ్మా" అంది. గేటు వైపు నడిచింది.

సంక్రాంతి పోయాక రెండు కవర్లు వచ్చాయి. ఒకటి చిన్నది, ఒకటి లావుది. చిన్నదాంట్లో బదిలీ ఆర్డరు ఉంది. జిల్లాకు ఆ చివర, తాండూరు అవతల బషీరాబాదుకు. పరిపాలనా కారణాల వల్ల అని రాశారట. రెండోది విచారణ నివేదిక, అంతా ఇంగ్లీషులో. ఎప్పుడూ ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికిచ్చి చదవమనే పిల్ల, దాన్ని మాత్రం ఇవ్వలేదు.

"ఏమన్నరు?"

"సాక్ష్యం సరిపోలేదన్నరు."

"అంతేనా? గన్ని కాయిదాలున్నయి!"

"ఇంగ్లీషుల గంతేనమ్మా. ఒక్క మాటకు పది పేజీలు రాస్తరు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

లింగంపల్లి స్టేషనులో పొద్దుటి రైలు. ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక గ్యాసు పొయ్యి. మనుషులను సాగనంపడమే నా జన్మకు రాశాడు దేవుడు. ఏడవకూడదని పళ్లు బిగపట్టి నిలబడ్డాను. కూత వేసింది. అనూష వంగి నా కాళ్లు మొక్కింది. నేను ఆ బిగింపులో ఉండి చేయి ఎత్తలేదు. ఆమె లేవకుండానే తన చేత్తో నా కుడి చేయి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. కాసేపు అలాగే నొక్కి పట్టుకుంది. రైలు కదులుతుంటే తొందర పడుతోందనుకున్నాను.

వేసవిలో ఇల్లు దులుపుతుంటే ఎల్లయ్య ట్రంకు పెట్టె అడుగున, పరిచిన పేపరు కింద ఆ లావు కవరు దొరికింది. ఇంగ్లీషు నాకు రాదు కదా అని ఊరికే తిరగేశాను. చివరి కాగితం మీద అక్షరాలు లేవు. ఒక ఫొటో ఉంది. జిరాక్సులో అంతా నల్లగా వచ్చింది. మా గుమ్మం, వంగిన ఒక తల, దాని మీద తెల్లగా ఒక చేయి. గాజుల్లేని మణికట్టును బట్టి గుర్తుపట్టాను.

ఆ కాగితాలు కొంగున కట్టుకుని మర్నాడు పనికి పోయాను. మా అంతస్తులో స్వాతి అని ఒక అమ్మాయి ఉండేది, కర్నూలు పిల్ల, అందరికంటే ముందొచ్చి కంప్యూటరు ముందు కూర్చునేది. తుడుపు కర్ర గోడకు ఆనించి ఆమె ముందు కాగితాలు పెట్టాను.

"జర గిండ్ల ఏమున్నదో చెప్తవా బిడ్డా?"

ఆమె పేజీలు తిప్పుతూ ఫొటో దగ్గర ఆగింది. "ఆంటీ, ఇది మీరేనా?"

"నేనే. దాని గురించి రాసిందే చదువు."

ఆమె ఒకసారి లోపల్లోపల చదువుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"దసరా రోజు ఫిర్యాదుదారు తల్లి తన ఇంటి ముందు ఆ అధికారిని దీవించింది, ఫొటో జతపరచడమైనది అని రాశారు ఆంటీ. కాబట్టి రెండు కుటుంబాల మధ్య తగువు లేదు, వేరే ప్రాంతం ఉద్యోగి ప్రోద్బలంతో ఈ ఫిర్యాదు ఇచ్చారు అని."

"ఇంక?"

"తల్లిని పిలిచి అడగమంటారా అని కమిటీ అడిగిందట. ఫిర్యాదుదారు వద్దన్నారట. మా అమ్మను ఇందులోకి లాగకండి అన్నారట." స్వాతి కాగితం దించింది. "ఇక్కడికి అయిపోయింది ఆంటీ."

నేను తలుపు బయటే ఉన్నాను. లేచి నిలబడి కూడా ఉన్నాను. పిలిస్తే చెప్పేదాన్ని. అలవాటు సారూ, భయం సారూ, నా బిడ్డ రాసింది ప్రతి అక్షరం నిజం సారూ అని చెప్పేదాన్ని. చెప్పేదాన్నా? ఎదురుగా స్వామి సారు కూర్చుని "వదినే" అంటే నా నోరు ఏమనేదో నాకే తెలియదు. బిడ్డ నన్ను కాపాడిందో, నన్ను నమ్మలేకపోయిందో ఈ రోజుకూ తేల్చుకోలేదు. అడగలేదు. నేను ఆ కాగితం చదివించుకున్నానని దానికి తెలియదు. మళ్లీ ట్రంకు అడుగునే, ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

తర్వాత తెలంగాణ వచ్చింది. ఆ రోజు అనూష ఫోను చేసి ఏడ్చింది, సంతోషంతోనే. మా గల్లీలో పటాకులు కాల్చారు, నేనూ మిఠాయి పంచాను. కూసోబెట్టి అడుగుదామన్న నరసింహమూర్తి సారు ఎవరినీ కూసోబెట్టలేదు. స్వామి సారు అదే ఆఫీసులో, ఇంకా పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరయ్యాడు. శాలువా కప్పారట. రత్నమ్మ కడపకు బదిలీ రాయించుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆమె కూడా మా గుమ్మంలో నిలబడింది. సకినాలు కట్టి ఆమె చేతిలో పెట్టి పంపాను.

అనూష ఇంకా బషీరాబాదులోనే ఉంది. నెలలో రెండు ఆదివారాలు వస్తుంది. కందిపప్పు తెస్తుంది, నా మందులు చూస్తుంది, నాకోసం పాత పుస్తకాలు మోసుకొస్తుంది. అన్ని పండుగలకూ వస్తుంది. దసరాకు మాత్రం రాదు. పొద్దున ఫోను చేసి, డ్యూటీ పడిందమ్మా అంటుంది. పైలంగ ఉండు బిడ్డా అంటాను.

దసరాకు ఆఫీసులన్నీ బందే. గోడ మీద కేలెండరు ఉంది. ఎర్ర అక్షరాలు నేను చదవగలను.